ఆదాము ఎప్పటివాడు? సండే స్కూల్ పిల్లగాని ప్రశ్న

సిరొంచ_టీచరమ్మ
అందరికీ వందనాలు. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మొన్న సండే స్కూల్ పిల్లలను వడధం ఫాసిల్ పార్కుకు తీస్కపోయిన. రాయిగా మారిన చెట్టు మొద్దులున్నయ్ ఆడ. చూస్తే కట్టెనే, చెయ్యి పెడితే సల్లటి రాయి. రాక్షసబల్లి ఎముకలు గూడ మా తాలూకాలనే దొరికినయ్. పోచంపల్లి దగ్గర దొరికినదానికి బరపాసారస్ అని పేరు, అందుల 'బరపా' అంటే బెంగాలీల 'పెద్ద కాలు' అని అర్థమట. ఒక పిల్లగాడు అడిగిండు: "టీచర్, లోకం పుట్టి ఆరువేల ఏండ్లే అయితే ఈ కట్టె ఎప్పుడు రాయయింది? ఆదాము దీన్ని చూసిండా?" నాకు నోట మాట రాలే. మీ దిక్కు ఎట్ల చెప్తున్నరు?

గుణుపురం_తమ్ముడు
అక్కా, ఆరువేల లెక్క బైబిలు వాక్యంలో లేదు. 1650లో ఐర్లండ్ ఆర్చ్‌బిషప్ జేమ్స్ అషర్ వంశావళుల్లోని వయసులు కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు. తర్వాత దాన్ని ఇంగ్లిషు బైబిళ్ల అంచుల్లో అచ్చేశారు, మనవాళ్లు వాక్యమే అనుకున్నారు. హీబ్రూలో ఆదాము అంటే నరుడు, అదామా అంటే నేల. అది తెలిశాక 'నేలమంటితో నరుని నిర్మించి' అన్న మాట నాకు కొత్తగా వినబడింది.

రాయగడ_వదిన
మా అబ్బాయి కాలేజీలో ఉండగా, మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన మనిషి ఎముకలు సుమారు 3 లక్షల ఏళ్లనాటివని చదివి వచ్చి అడిగాడు. మా సంఘ పెద్ద ఒకరు అందరి ముందూ "ఇది సైతాను ప్రశ్న" అనేశారు. వాడు చర్చికి వచ్చి రెండేళ్లయింది. పోయిన క్రిస్మస్‌కి కుట్టించిన చొక్కా మడత విప్పకుండా బీరువాలోనే ఉంది.

పర్లాకిమిడి_అన్న
అమ్మా, చాలా బాధేసింది. లోకం వయసు ఎంతైనా నేను ఒప్పుకుంటాను. కానీ ఆదాముని ఒట్టి కథ చేసేస్తే బైబిల్లో రోమా పత్రిక 5:12 ఏటవుతాది? 'ఒక మనుష్యునిద్వారా' పాపం వచ్చిందంటాడు పౌలు. లూకా సువార్త 3లో యేసు వంశావళి ఆదాము దాకా ఎళ్తాది. మనిషినే తీసేస్తే ఒప్పుకోలేను.

గుణుపురం_తమ్ముడు
అన్నా, తియ్యక్కర్లేదు. ఆదాము కొడుకు కయీను, తమ్ముణ్ణి చంపాక, "నన్ను కనుగొనువాడు చంపును" అని ఎవరికి భయపడ్డాడు? నోదు దేశంలో వాడికి భార్య ఉంది, ఊరు కట్టాడు. ఊరు కట్టాలంటే జనం ఉండాలి కదా. మన కర్నూలు వైపు జ్వాలాపురంలో, 74 వేల ఏళ్ల కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి. జన్యుశాస్త్రం కూడా మనుషులు ఒక్క జంటకి తగ్గిన కాలం కనబడదంటోంది. అందుకే కొందరు విశ్వాసులు, చాలామంది ఉన్న లోకంలోంచి దేవుడు అబ్రాహామును పిలిచినట్టే ఆదామునూ పిలిచాడంటారు. నేనూ అలాగే చదువుకుంటున్నాను.

పర్లాకిమిడి_అన్న
మరి ఆదాము కాక ఉన్న ఆ బయటోళ్లు దేవుని పోలికలో ఉన్నోళ్లా, కాదా? నాకు ముడి అక్కడే పడతంది. కాదంటే, రేపు ఎవడో ఒకడు ఇంకొకడిని తక్కువ మనిషి అంటాడు. మా కొండల్లో సవరోళ్లని అలా చూసినోళ్లని నేను చూశాను. ఆదికాండం 1:27లో దేవుడు సృజించిన 'నరుని' అన్నది మొత్తం మనుషుల్నీ అని ఒప్పుకుంటేనే మీ లెక్కకి నేనొస్తాను.

గుణుపురం_తమ్ముడు
ఒప్పుకుంటాను అన్నా. అందులో రాజీ లేదు.

సిరొంచ_టీచరమ్మ
నిన్న పిల్లలతోని ఆదికాండం ఒకటో అధ్యాయం, రెండో అధ్యాయం పక్కపక్కన చదివించిన. మొదటిదాంట్ల జంతువులు అయినంక నరుడు, రెండోదాంట్ల నరుడు అయినంక జంతువులు. నేను చెప్పకముందే పిల్లలే పట్టుకున్నరు. అడిగిన పిల్లగానికి "నాకు గూడ అంతా తెల్వదు, కలిసి చదువుదాం" అన్న. వదినా, మీ బాబును ఒకసారి మా దిక్కు పంపుండ్రి, వడధం చూపిస్త.

రాయగడ_వదిన
అడుగుతానమ్మా. ఈ ఆదివారం ఫోన్ ఎత్తితే.