సమస్యాపూరణం: "మరణమంది పిదప మరలఁ బాడె"

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. వస్తువు గ్రామ్ పార్సన్స్. 1946లో ఫ్లోరిడాలో పుట్టి, జార్జియాలోని వేక్రాస్‌లో పెరిగిన గాయకుడు, గీతకర్త. కంట్రీ పాటంటే, అదే అమెరికా పల్లె బాణీ అంటే, రాక్ కుర్రకారు ముఖం చిట్లించే రోజుల్లో ఆ రెండింటికీ పొత్తు కుదిర్చాడు. 1973 సెప్టెంబరు 19న ఇరవై ఆరేళ్ళకే పోయాడు. బతికుండగా రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. ఆయన బృందంలో వాయించిన బెర్నీ లెడన్ ఆ తర్వాత ఈగల్స్ రాక్ బృందం స్థాపకుల్లో ఒకడై కీర్తి గడించాడు.

నాగావళి:
మిత్రుఁడొకఁడు పేటి మెల్లగా దొంగిలి
మరుధరిత్రిలోన మంటఁ బెట్ట
పొగగ నింగికెగసి పోయిన గొంతుతో
మరణమంది పిదప మరలఁ బాడె

నిర్వాహకులు:
నాగావళి గారూ, యతులు చక్కగా కుదిరాయి. ఫిల్ కాఫ్‌మన్ విమానాశ్రయం నుంచి శవపేటికను ఎత్తుకుపోయి జాషువా ట్రీ ఎడారిలో నిప్పు పెట్టిన మాటా నిజమే. కానీ అందరికీ తెలిసింది ఆ ఒక్క కథే కావడం నాకు బాధ. ఈ పద్యంలో ఆయన పాడిన పాట ఏది? పొగ పాడదు కదా! సమస్య విడిపోలేదు, ఉత్ప్రేక్ష చాటున దాగింది.

మానేరు:
గొంతు చెఱిపి వేఱు గొంతుక నింపిరి
తగవు వలన, టేపు దాఁగి యుండి
యిరువదేండ్లు దాట నిల్లిల్లు వినునట్లు
మరణమంది పిదప మరలఁ బాడె

సందర్భం: 1968లో బర్డ్స్ బృందంతో చేసిన 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో' ఆల్బమ్. పాత ఒప్పందం తగాదాతో కొన్ని పాటల్లో పార్సన్స్ గొంతు తీసేసి ఆ బృందం నాయకుడు రోజర్ మెగ్విన్ చేత పాడించారు. తీసేసిన ఆ గొంతు 1990 నాటి బర్డ్స్ సంకలనంలో బయటికొచ్చింది.

శారద:
మానేరు గారూ, ఇది అసలైన పూరణ! "టేపు దాఁగి" అంటే దాగింది టేపే అవుతుంది, పాడిందీ అదే అవుతుంది. "తగవు వలన, లోన దాఁగి యుండి" అంటే యతి చెడదు, కర్త నిలుస్తాడు. "ఇల్లిల్లు" మాత్రం అతిశయోక్తి, విన్నది అభిమానులే. ఆ 1968లోనే నాష్‌విల్‌లో కంట్రీ పాటల రేడియో ప్రదర్శన గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదికమీద పార్సన్స్, ముందుగా ప్రకటించిన పాట పక్కనపెట్టి, నాయనమ్మకో అమ్మమ్మకో అంకితమంటూ సొంత పాట అందుకున్నాడు. ఓప్రీ వాళ్ళు మండిపడ్డారు. ఆయనతో కలిసి పాడిన గాయని ఎమ్మిలూ హారిస్‌ను తలుచుకుంటూ నా పూరణ:

ఎమ్మిలూను గూడి యిద్దఱొక్కగళము
గాఁగఁ బాడె నాఁడు, కన్ను మూసి
నాల్గు నెలలు గడవ నల్లని పళ్ళెమై
మరణమంది పిదప మరలఁ బాడె

మానేరు:
శారదగారూ, "కన్ను మూసి", "మరణమంది" పునరుక్తి. "కడకుఁ దాను" అంటే సరిపోతుంది.

నిర్వాహకులు:
సవరణతో ఇదే ఈ వారం ఉత్తమ పూరణ. ఆ నల్లని పళ్ళెం, అంటే 'గ్రీవస్ ఏంజెల్' రికార్డు, 1974 జనవరిలో వచ్చింది. గిటారు ఎల్విస్ దగ్గర వాయించే జేమ్స్ బర్టన్‌ది. ఎమ్మిలూ హారిస్ ఆయన గొంతుకు వెనకపాట పాడలేదు, పక్కన నిలిచి పాడింది. "ఇద్దఱొక్కగళము" అన్న మాట అందుకే నచ్చింది. నాగావళి గారూ, ఆ ఎడారి వదిలి మరో పూరణ పంపండి. దక్షిణాఫ్రికా పర్యటనకు రానని బర్డ్స్‌ను విడిచిన ఘట్టం ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.