900 జీబీ డిలీట్ కొట్టా, ఖాళీ మాత్రం పెరగలేదు. స్నాప్‌షాట్లు తెలిసినవాళ్ళు చెప్పండి

పాలకొల్లు_స్టూడియో
నమస్తే అండి. పెళ్ళి వీడియోలు తీస్తుంటాం. ఇంట్లో 4 టీబీ డిస్కులు రెండు రెయిడ్ 1లో (ఒకదానికొకటి నకలుగా) వేసిన నాస్ పెట్టె (నెట్‌వర్కులో ఫైళ్ళు దాచేది) ఉంది, లోపల బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టం. షాపు కుర్రాడు రోజూ రాత్రి ఒక స్నాప్‌షాట్ (అప్పటికి ఫైళ్ళెలా ఉన్నాయో పట్టి ఉంచేది) పడేలా, ఎప్పుడూ 30 ఉండేలా పెట్టెళ్ళాడు. మాఘమాసం ముహూర్తాలకి చోటు చాలట్లేదని, డెలివరీ ఇచ్చేసిన పాత పెళ్ళిళ్ళు 900 జీబీ లేపేశా. ఒక్క జీబీ కూడా పెరగలేదు. స్నాప్‌షాట్ల లిస్టు చూస్తేనేమో ఒక్కోటీ 12 ఎంబీ, 40 ఎంబీ అంటోంది. మరి నా 900 జీబీ ఎక్కడ కూర్చున్నట్టు? రెండోది, ఇవుంటే వేరే బ్యాకప్ అక్కర్లేదన్నాడు ఆ కుర్రాడు, నిజమేనా? మూడోది, రోజుకి ఎన్ని పెట్టుకోవాలి? రాజమండ్రిలో మా బావ ఇంట్లో ఒక కాపీ ఉంచాలంటే ఎలాగండి?

లంకలోవాడు
బ్యాకప్ అక్కర్లేదన్నాయన్ని ఓసారి వరదల్లో మా లంకకి పంపండి. 2022 జూలైలో గోదారి ఇంట్లోకొచ్చింది, కంప్యూటర్ బల్లమీదుంది కదా పర్లేదనుకున్నాం, బల్లే తేలింది. దాంట్లో 60 స్నాప్‌షాట్లు ఉన్నాయండి. డిస్కుతో పాటే బురదలో. మా అమ్మాయి చిన్నప్పటి ఫోటోలు ఇప్పుడు చుట్టాల ఫోన్లలోంచి అడుక్కుంటున్నాం.

రైసుమిల్లు_లెక్కలు
అసలు స్నాప్‌షాట్ల జోలికే పోకండి మాస్టారు. మా మిల్లు సర్వర్లో ఎల్‌వీఎం (లినక్స్‌లో డిస్కుని వాటాలేసే పొర) మీద ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం. ధాన్యం సీజన్లో 10 జీబీ చోటిచ్చి స్నాప్‌షాట్ తీశాడు మావాడు, రాత్రి డేటాబేసు ఇండెక్సులన్నీ మళ్ళీ కట్టుకుంది, తెల్లారేసరికి ఆ 10 జీబీ నిండిపోయి స్నాప్‌షాట్ చెల్లదని చూపించింది. పైగా అది ఉన్నంతసేపూ సర్వరు ఎడ్లబండే.

సోలారిస్_గురువు
అది ఎల్‌వీఎం పాత రకం స్నాప్‌షాటండి, దాన్ని చూసి బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ని తిడితే ఎలా? 2006లో సోలారిస్ 10 ఆపరేటింగ్ సిస్టంలోకి జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టం దిగిన దగ్గర్నుంచీ దీంతోనే అన్నం తింటున్నాను కాబట్టి చెప్తున్నా. ఎల్‌వీఎంలో కొత్త డేటా పాతదాని మీదే పడుద్ది, పడేముందు పాత బ్లాకు తీసి మీరిచ్చిన 10 జీబీ గదిలో దాచాలి. ఒక రాత పడాలంటే ఒకసారి చదవాలి, రెండుసార్లు రాయాలి. ఎడ్లబండి కాక ఏమవుద్ది? జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పాతదాని మీద ఎప్పుడూ రాయవు, ఖాళీ చోట కొత్తది రాసి చిరునామా మార్చుకుంటాయి. స్నాప్‌షాట్ అంటే ఆ పాత చిరునామాల చెట్టుని నరకకుండా ఉంచడం, అంతే. అందుకే 4 టీబీకైనా సెకను పట్టదు.

కొబ్బరిబొండాం
"ఎప్పుడూ రాయవు" అనేశారు, ఎంత ధైర్యమండీ. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో నోడేటాకౌ (కొత్త చోట రాసే పద్ధతిని, అంటే కాపీ ఆన్ రైట్, పొట్టిగా కౌని, ఆపేసే సెట్టింగు) పెట్టిన ఫైల్ ఉంటే పాతదాని మీదే రాస్తుంది. వర్చువల్ మెషీన్ ఇమేజీలకి అందరూ పెట్టుకునేది అదే.

సోలారిస్_గురువు
పెట్టినా సరే, స్నాప్‌షాట్ తీశాక ఆ బ్లాకు మీద మొదటి రాత కొత్త చోటే పడుద్ది. తెలుసుకుని మాట్లాడండి.

కొబ్బరిబొండాం
మొదటి రాతే. రెండోది? మళ్ళీ దానిమీదే. అంటే "ఎప్పుడూ" తప్పు. పైగా నోడేటాకౌ పెడితే చెక్‌సమ్ (డేటా పాడైతే పట్టిచ్చే లెక్క) పోతుంది, అది చెప్పారా? 2006 నుంచి అన్నం తింటే సరిపోదండి, అరగాలి.

సోలారిస్_గురువు
ఎటకారాలకి నా దగ్గర టైం లేదు.

గట్టుమీదకాకి
కౌ కౌ అంటున్నారు, పాడి గురించేమో అనుకుని లోపలికొచ్చా. దాన్ని బటర్ ఎఫ్‌ఎస్ అనాలా, బెటర్ ఎఫ్‌ఎస్ అనాలా?

కొబ్బరిబొండాం
ఆవుంది కాబట్టి వెన్నే అనుకోండి.

కడియం_నర్సరీ
నవ్వులాటలు సరే గానీ నా గోడు వినండి. నర్సరీ మొక్కల ఫోటోలు, బిల్లులు అన్నీ ఒక సబ్‌వాల్యూంలో (బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో విడిగా స్నాప్‌షాట్ తియ్యగలిగే ఫోల్డర్ లాంటిది) పెట్టా. బిల్లుల ఫోల్డర్ని మాత్రం దాని లోపలే ఇంకో సబ్‌వాల్యూంగా చేశాను, విడిగా ఉంటే మంచిదని ఎక్కడో చదివి. రెండేళ్ళు రోజూ పైదానికి స్నాప్‌షాట్ తీస్తున్నా కదాని ధీమా. ఓరోజు మా తమ్ముడు బిల్లులు పొరపాటున లేపేశాడు. పోన్లే అని స్నాప్‌షాట్లోకి వెళ్తే ఫోల్డర్ ఉందండి, పేరూ ఉంది, లోపల ఖాళీ. ముందు రోజుదీ ఖాళీ, ముందు నెలదీ ఖాళీ. లోపలున్న సబ్‌వాల్యూం పైదాని స్నాప్‌షాట్లోకి రాదు, దాని స్నాప్‌షాట్ దానికి విడిగా తియ్యాలి. మా తమ్ముడితో మూడ్రోజులు మాట్లాడలేదు, తప్పేమో నాది. అందరూ ఇప్పుడే వెళ్ళి ఒక స్నాప్‌షాట్ తెరిచి లోపలేముందో చూసుకోండి.

పాలకొల్లు_స్టూడియో
అయ్యో. నా 900 జీబీ సంగతి ఎవరూ చెప్పలేదండి.

అంబాజీపేట_తోట
నేను చెప్తా తమ్ముడూ. ముప్పై మంది వాటాదార్లున్న ఉమ్మడి తోట అనుకో. ఒక్కడు తన వాటా వదులుకున్నాడు, తోట ఖాళీ అవుద్దా? అవ్వదు, మిగతా 29 మంది ఉన్నారుగా. నీ పాత పెళ్ళిళ్ళు 30 స్నాప్‌షాట్లలోనూ ఉన్నాయి, డిస్కు మీద ఆ బ్లాకులు ఒక్కసారే ఉన్నా పట్టుకున్నవాళ్ళు 30 మంది. లిస్టులో చూపించే 12 ఎంబీ ఆ స్నాప్‌షాట్ ఒక్కదానికే సొంతమైనది, ఉమ్మడిది ఎవరి ఖాతాలోనూ రాయడు. నువ్వు 29 తీసేసినా ఆ పెళ్ళిళ్ళు కదలవు, ముప్పయ్యోది పోతే అప్పుడు మొత్తం ఒక్కసారి వదుల్తాయి. లేదా ఓ నెల ఆగు, పాతవి వాటంతటవే రాలిపోతాయి. తీసేశాక ఖాళీ వెంటనే కనపడకపోతే కంగారుపడి రీస్టార్ట్ కొట్టకు, వెనకాల క్లీనర్ నడుస్తా ఉంటది.

భీమవరం_చెరువులు
మాది విండోస్. షాడో కాపీలు (విండోస్ వాడి స్నాప్‌షాట్లు) ఉన్నాయి కదాని రొయ్యల లెక్కలన్నీ ఒక్క దాంట్లోనే ఉంచాం. మేత బిల్లు అని మెయిలొచ్చింది, మావాడు తెరిచాడు. ఫైళ్ళన్నిటికీ తాళాలేసేముందు ఆ వైరస్ చేసిన మొదటి పని ఏంటో తెలుసా? షాడో కాపీలు తుడిచెయ్యడం. అడ్మిన్ లాగిన్లో తెరిచాంగా, అడ్డేముంటది. అదే మెషీన్లో ఉన్నది ఏదైనా దొంగ చేతిలో తాళంచెవే.

రైసుమిల్లు_లెక్కలు
డేటాబేసు నడుస్తుండగా తీసిన స్నాప్‌షాట్ పనిచేస్తుందా అసలు?

కొబ్బరిబొండాం
కరెంటు పోయిన క్షణంలో డిస్కు ఎలాగుంటదో స్నాప్‌షాట్ అలాగుంటది. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఇన్నోడీబీ రకం టేబుళ్ళయితే లాగు (మార్పుల చిట్టా) చూసుకుని లేస్తుంది, కాకపోతే డేటా, లాగు రెండూ ఒకే స్నాప్‌షాట్లో పడాలి. మై ఐసామ్ టేబుళ్ళయితే దేవుడే దిక్కు. మన దగ్గర కరెంటు సంగతి నేను చెప్పక్కర్లేదు.

సోలారిస్_గురువు
వెళ్ళిపోదామనుకున్నా గానీ పాలకొల్లు ఆయన బావ సంగతి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి రాస్తున్నా. చదవడానికి మాత్రమే ఉండే స్నాప్‌షాట్ తీసి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చేసిన బయటి డిస్కులోకి సెండ్, రిసీవ్ కమాండ్లతో పంపండి. మొదటిసారి మొత్తం వెళ్తుంది. రెండోసారి నుంచి ముందు పంపిన స్నాప్‌షాట్‌ని పేరెంట్‌గా (తేడా తీయడానికి ఆధారంగా) చూపిస్తే తేడా మాత్రమే వెళ్తుంది. ఆ పేరెంట్ రెండు చోట్లా ఉండాలి.

పాలకొల్లు_స్టూడియో
గురువుగారూ మీ కాళ్ళకి దణ్ణం. చేస్తానండి.

పాలకొల్లు_స్టూడియో
మూడు వారాలయ్యింది, సంగతి చెప్దామని వచ్చా. మొదటి కాపీ 2.6 టీబీ రెండ్రోజులు పట్టింది, డిస్కు తువ్వాల్లో చుట్టి బస్సులో రాజమండ్రి తీసుకెళ్ళి బావ బీరువాలో పెట్టొచ్చా. తర్వాత తోట ఆయన చెప్పినట్టు స్నాప్‌షాట్లన్నీ పీకేశా, ఓ గంటలో 900 జీబీ తిరిగొచ్చింది, ప్రాణం లేచొచ్చింది. నిన్న బావ డిస్కు తెస్తే తేడా పంపుదామని కూర్చుంటే పేరెంట్ దొరకట్లేదంటోంది. పేరెంట్ అంటే ఏదండీ?

అంబాజీపేట_తోట
అన్నీ అంటే అన్నీనా తమ్ముడూ?

పాలకొల్లు_స్టూడియో
ఆయ్. అన్నీనండి.

సోలారిస్_గురువు
బావ దగ్గరున్న డిస్కు ఎంత?

పాలకొల్లు_స్టూడియో
3 టీబీ. కొత్తది మొత్తం మళ్ళీ పంపాలంటే పాతది తుడవాలి, తుడిచి రెండ్రోజులు కాపీ అయ్యేలోపు ఇక్కడేమన్నా అయితే ఏదీ లేదు. ఇంకో డిస్కు కొనమంటోంది మా ఆవిడ, మొదటిసారి నాతో ఏకీభవించింది.