పాత 20 అంగుళాల ట్రయల్స్ బైక్: డబ్బు ముందు దేని మీద పెట్టాలి?

గుట్టబండ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 20 అంగుళాల ట్రయల్స్ బైక్ (బండలు, అడ్డంకులు కాలు కింద పెట్టకుండా దాటే ఆటకు వాడే సైకిల్) తీసుకున్నాను. సీటు లేని కాంపిటిషన్ రకం. అల్యూమినియం ఫ్రేము, వెనక ఆయిల్‌తో పనిచేసే మగూరా హెచ్‌ఎస్33 రిమ్ బ్రేకు, ముందు డిస్కు, ఫ్రీవీల్ వెనక చక్రానికి కాకుండా పెడల్ క్రాంక్ దగ్గరే ఉంది. ఖాజాగూడ బండల మీద మొదలుపెడదామని ఆశ.

వెనక బ్రేకు పట్టినట్టే పట్టి జారుతోంది. గట్టిగా తొక్కితే ఎక్కడో టక్కుమంటోంది. వెనక టైరు నున్నగా అయిపోయింది. అన్నీ ఒకేసారి మార్చే బడ్జెట్ లేదు. పార్టులు చాలావరకు బయటి దేశాల నుంచే రావాలి, పైన షిప్పింగు, కస్టమ్స్. దేనితో మొదలుపెట్టమంటారు? ఒకాయన తేలికైన ఫోర్క్ ఒకటి అమ్ముతున్నాడు, అది తీసుకోవచ్చా?

పానాపట్టు (సికింద్రాబాద్)

ఫోర్క్ సంగతి మర్చిపో తమ్ముడూ. బరువు తగ్గించుకోవడం ఆఖరి పని. ముందు ఆ టక్కు ఎక్కడిదో తేల్చు, అది తేలేదాకా బండలెక్కకు. వెనక చక్రం మీద నిలబడి ఒక్క తొక్కుతో ఎగిరే ఆట ఇది. ఆ తొక్కులో చైన్ తెగినా ఫ్రీవీల్ జారినా మనిషి నేరుగా హ్యాండిల్ మీద పడతాడు. పళ్ళు, మోకాలు, ఏది ముందు తగిలితే అది.

ముందు చక్రాన్ని గోడకు ఆనించి, ఒక పెడల్ మీద మెల్లగా బరువు వేస్తూ నిలబడు. పెడల్ ఉన్నట్టుండి కాస్త కిందికి జారి టక్కుమంటే ఫ్రీవీల్‌లో పాల్స్ (లోపలి చిన్న కొక్కేలు) పళ్ళు పట్టుకోవడం లేదన్నమాట, లేదా చైన్ స్ప్రాకెట్ పన్ను మీదికెక్కి దిగుతోంది. పెడల్ కదలకుండా చప్పుడు మాత్రమే వస్తే బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల ఇరుసు తిరిగే చోటు), క్రాంక్ బోల్టు, పెడల్ ఇరుసు, ఈ మూడింటిలో ఒకటి. క్రాంక్ బోల్టుతో మొదలుపెట్టు, దానికి ఖర్చు లేదు.

తర్వాత చైన్ కొలువు. స్టీలు స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు సాగిందంటే తీసి పారేయ్. మామూలు సైకిల్‌కి ఇంకొన్నాళ్ళు నడుపుతారు, ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. ఒకసారి తీసిన పిన్నునే మళ్ళీ కొట్టి కలపడం వద్దు, ఆ లింకే మొదట తెగుతుంది.

నెక్కర్‌గట్టు (స్టుట్‌గార్ట్)

అన్న చెప్పింది కరెక్ట్. నేను బ్రేకు గురించి రాస్తాను. మగూరా ఫ్యాక్టరీ ఉన్న బాడ్ ఉరాఖ్ మా ఊరికి దగ్గరే, ఇక్కడి క్లబ్బులో దాదాపు అందరి వెనక చక్రానికీ ఇదే ఉంటుంది.

"పట్టినట్టే పట్టి జారుతోంది" అన్నారు కదా. బ్రేకు మార్చాల్సిన పని దాదాపు ఉండదు. మూడు చోట్ల చూడండి.

మొదటిది రిమ్ము. ట్రయల్స్‌లో వెనక రిమ్ము పక్క గోడలను యాంగిల్ గ్రైండర్‌తో గరుకు చేస్తారు. ఆ గరుకు అరిగి నున్నబడితే ఎంత మంచి ప్యాడైనా జారుతుంది. గోరుతో గీకి చూడండి, ఆకురాయిలా గరగరమనాలి.

రెండోది ప్యాడ్లు. బ్రేకుతో పాటు వచ్చే మామూలు ప్యాడ్లు ప్లాస్టిక్ వీపుతో ఉంటాయి, గట్టిగా పట్టినప్పుడు అవే వంగుతాయి. అల్యూమినియం వీపున్నవి తీసుకోండి. గ్రైండ్ చేసిన రిమ్ముకు గట్టి మెటీరియల్, నున్నటి రిమ్ముకు మెత్తటిది. మెత్తటి ప్యాడ్‌ను గరుకు రిమ్ము మీద వాడితే కొద్ది రోజుల్లో పొడైపోతుంది. పెట్టేటప్పుడు ప్యాడ్ మొత్తం ఒకేసారి రిమ్ముకు ఆనాలి. పై అంచు టైరుకు రాసుకుంటే టైరు పక్కగోడ కోసుకుపోతుంది.

మూడోది గాలి. లివర్ స్పాంజిలా మెత్తగా ఉంటే లైనులో బుడగలున్నట్టే. కింద సిలిండర్ దగ్గర సిరంజి పెట్టి పైకి నెట్టాలి, బుడగలు పైకే పోతాయి కాబట్టి లివర్ అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా బైక్‌ను నిలబెట్టాలి. ఇందులో పోసేది మినరల్ ఆయిల్, మగూరా వాళ్ళది నీలం రంగులో ఉంటుంది. కారు, బైకు షాపుల్లో దొరికే డాట్ బ్రేకు ఫ్లూయిడ్ పొరపాటున కూడా పోయకండి, లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. కొత్త లివర్ల బాడీ ప్లాస్టిక్ రకం. పైపు నట్టుకు కంపెనీ చెప్పే బిగింపు 4 న్యూటన్ మీటర్లే. మన మెకానిక్‌ల చేతి బలానికి ఆ బాడీ పగిలిపోతుంది.

బూస్టర్ ఉందా? రెండు సీట్ స్టేలను (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము గొట్టాలు) కలుపుతూ గుర్రపు నాడాలా ఉండే పట్టీ. అది లేకపోతే బ్రేకు పట్టినప్పుడు ఫ్రేమే పక్కలకు విచ్చుకుంటుంది, మీ వేలి బలం సగం అక్కడికే పోతుంది.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

నెక్కర్‌గట్టు గారూ, ఆయిల్ తీసేసి నీళ్ళు పోసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా? నాది అలాగే ఉంది. నీళ్ళు ఆయిల్ కన్నా పలచన కాబట్టి లివర్ వదలగానే టక్కున వెనక్కి వస్తుంది, ఒక్క వేలితో హాయిగా పట్టుకోవచ్చు. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం కారు కూలెంట్ కలిపి పోశాను.

నెక్కర్‌గట్టు (స్టుట్‌గార్ట్)

ఇంగ్లాండు వాళ్ళలో ఆ అలవాటు ఎక్కువ. ఫీల్ బాగుంటుంది, కాదనను. కానీ ఇక్కడ శీతాకాలం సున్నా కిందికి పోతుంది, ఉత్తి నీళ్ళైతే గడ్డకట్టి పైపు పగిలినా పగులుతుంది. కూలెంట్ కలిపినా నేను పోయను. కంపెనీ ఒప్పుకునేది ఆయిల్ ఒక్కటే, నీళ్ళు పోశాక వారంటీ అడగలేం. మీకు చలి సమస్య లేదు కానీ లోపల మెటల్ భాగాలకు తుప్పు, పాచి సమస్య ఉంటుంది. ఏడాదికోసారైనా మార్చండి. కొత్తగా మొదలుపెట్టే మనిషికి మాత్రం నేను ఆయిలే చెబుతాను.

పానాపట్టు (సికింద్రాబాద్)

నా ఓటు కూడా ఆయిల్‌కే. విడిపార్టు కోసం నెల రోజులు కాచుక్కూర్చునే దేశంలో ఉన్నాం, సీళ్ళతో ప్రయోగాలెందుకు?

గ్రైండింగ్ విషయం. టైరు, ట్యూబు తీసేసి చెయ్యి. నాలుగంగుళాల గ్రైండర్‌కు ఇనుము అరగదీసే రాయి బిళ్ళ వెయ్యి, కటింగ్ బిళ్ళ కాదు. బరువు పెట్టకుండా అంచుతో తాకీ తాకనట్టు దగ్గర దగ్గరగా ఏటవాలు గీతలు పడాలి. చక్రం మెల్లగా తిరుగుతూ ఉండాలి, ఒకే చోట ఆపితే గుంట పడుతుంది. తర్వాత వైర్ బ్రష్‌తో రజను దులిపెయ్. కళ్ళద్దాలు లేకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు. గ్రైండ్ చేసిన ప్రతిసారీ రిమ్ము గోడ పల్చబడుతుంది, ప్రతి నెలా చేస్తే రిమ్ము బతకదు.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

గ్రైండ్ చెయ్యకుండా నున్నటి రిమ్ము మీద కొద్దిగా తారు రుద్దేవాళ్ళు కూడా ఉన్నారు. రోడ్డు వేసే తారే. పొడిగా ఉన్నంతసేపు అద్భుతంగా పడుతుంది, వీధంతా వినబడేలా కీచుమంటుంది. చినుకు పడితే మాత్రం బ్రేకు లేనట్టే. జూన్ నుంచి అక్టోబరు దాకా మా దగ్గర దాన్ని నమ్మలేం, అందుకే నేను కూడా గ్రైండింగ్‌కే మారాను.

సముద్రం దగ్గర ఉండేవాళ్ళకు ఇంకో మాట. అల్యూమినియం ఫ్రేములో స్టీలు బోల్టు బిగించేటప్పుడు యాంటీ సీజ్ పేస్టు రాయండి. భీమిలి వైపు తిరిగొచ్చి బైక్‌ను అలాగే వదిలేస్తే స్పోక్ నిపుల్స్ (స్పోకుల కొసన ఉండే నట్లు) పట్టేస్తాయి, తర్వాత చక్రం బెండు తీయాలంటే తిరగవు, విరుగుతాయి. మంచినీళ్ళతో తడిపి తుడవడం, చైన్‌కు నూనె. అంతే, పెద్ద పనేం కాదు.

గుట్టబండ (హైదరాబాద్)

అందరికీ థ్యాంక్స్. గోడ దగ్గర చూశాను. పెడల్ జారుతోంది, అంటే ఫ్రీవీలే అనుకుంటా. చైన్ కొలత బాగానే ఉంది. బూస్టర్ ఉంది, రిమ్ము మాత్రం నున్నగా మెరుస్తోంది.

ఇప్పుడు డౌటు. ఎలాగూ ఫ్రీవీల్ మార్చాలి కాబట్టి క్రాంక్ దగ్గరి ఫ్రీవీల్ వ్యవస్థ తీసేసి, ఫ్రీవీల్ లోపలే ఉండే మంచి హబ్బు వెనక పెట్టుకోనా? స్కాట్లాండ్ రైడర్ డానీ మకాస్కిల్ బైక్‌కు వెనకే ఉంటుంది కదా.

లెక్కలమాస్టారు (గుంటూరు)

మకాస్కిల్ తొక్కేది స్ట్రీట్ ట్రయల్స్. 2009లో ఎడిన్‌బరో వీడియోతో ఆయన పేరు మోగిపోయినప్పటి నుంచి చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. ఆ బైక్‌కు సీటుంటుంది, 24 అంగుళాల చక్రాలు, గోడల మీంచి దూకి వెనక్కి తిరిగి దొర్లడానికి తగ్గ కొలతలు. మీది స్పెయిన్‌లో పుట్టిన రకం. మోంటెసా మోటార్ సైకిళ్ళ కంపెనీ మనిషి పెరె పీ తన కొడుకు ఓట్ పీకి సైకిల్ మీద ట్రయల్స్ నేర్పిన దారి అది. రెండిటి అవసరాలు వేరు.

ఇక లెక్క. 72 క్లిక్కుల (ఒక చుట్టులో 72 చోట్ల పట్టుకునే) ఫ్రీవీల్ క్రాంక్ మీద ఉంటే 360ని 72తో భాగించండి, పెడల్ అత్యధికంగా 5 డిగ్రీలు ఖాళీగా తిరిగి పట్టుకుంటుంది. అదే 72 క్లిక్కులు వెనక హబ్బులో ఉంటే, మీ 20 అంగుళాల బైక్ గేరు ముందు 18, వెనక 12 పళ్ళు అనుకుందాం, పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. కాబట్టి పెడల్ దగ్గర ఖాళీ 3.3 డిగ్రీలే. క్రాంక్ మీద అదే రావాలంటే 108 క్లిక్కుల ఫ్రీవీల్ కావాలి. క్రిస్ కింగ్ వెనక హబ్బు 72 క్లిక్కులదే, ధర వింటే గుండె ఆగుతుంది.

బలం సంగతి కూడా ఇలాగే. క్రాంక్ మీది ఫ్రీవీల్ కాలి టార్క్ మొత్తం మోస్తుంది. వెనక హబ్బు అందులో 12/18, అంటే మూడింట రెండు వంతులే మోస్తుంది. అందుకే క్రాంక్ మీద పెట్టే ఫ్రీవీల్ చవకది కాకూడదు. కిరాణా సైకిల్ ఫ్రీవీల్ మర (థ్రెడ్) ఈ క్రాంక్‌కు కూడా సరిపోతుంది కదా అని కొందరు అదే బిగిస్తారు. సరిపోయేది మరే, లోపలి పాల్స్ కాదు.

ఇంత చెప్పినా మీకు వెనక హబ్బు వద్దనే అంటాను. హబ్బు, స్పోకులు, చక్రం అల్లకం, అన్నీ మారాలి. ఫ్రీవీల్ ఒక్కటి విప్పి బిగించుకుంటే అయిపోతుంది.

పానాపట్టు (సికింద్రాబాద్)

కొనేముందు ఉన్నదాన్ని ఒకసారి కడిగి చూడు. పాత యజమాని అందులో గట్టి గ్రీజు కూరి ఉంటే పాల్స్ అతుక్కుపోయి లేవవు, సరిగ్గా ఇలాగే జారుతుంది. కిరోసిన్ పోసి తిప్పు, నల్లటి నీళ్ళు ఆగేదాకా. ఆరాక కుట్టు మిషను నూనెలాంటి పలచటి ఆయిల్ వెయ్యి. మళ్ళీ గోడ పరీక్ష. అప్పటికీ జారితే ఇక ఆలోచించొద్దు, కొత్తది.

విప్పడం మాత్రం ఇంట్లో కాదు. తొక్కిన ప్రతిసారీ బిగుసుకుంటూ వచ్చింది అది. దానికి సరిపోయే పుల్లర్‌ను బెంచ్ వైస్‌లో బిగించి, క్రాంక్‌నే స్టీరింగులా తిప్పాలి. బేరింగులు కూడా అరిగాయనిపిస్తే మీద నంబరు చూసుకుని రాణిగంజ్‌కు రా, 6902 లాంటి సైజులు అక్కడ దొరుకుతాయి. నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉన్నదే అడుగు, రెండు వైపులా రబ్బరు సీలు ఉంటుంది. జెడ్‌జెడ్ అంటే రేకు మూత, మన దుమ్ముకు ఆగదు.

చైన్ నడుస్తున్నప్పుడు వేళ్ళు జాగ్రత్త. ముందు ఫ్రీవీల్ బైక్‌లో వెనక చక్రం తిప్పితే చైన్ కూడా తిరుగుతూనే ఉంటుంది.

తుమ్మముల్లు (అనంతపురం)

టైరు గురించి ఎవరూ మాట్లాడలేదు. వెనక 20 బై 2.5, ముందు 20 బై 2.0, ఇదే మామూలు జోడీ, మ్యాక్సిస్ కంపెనీ క్రీపీ క్రాలర్ టైరు ఈ రెండు సైజుల్లోనూ వస్తుంది. వెనక గాలి 20 పీఎస్‌ఐ అటూ ఇటూ మొదలుపెట్టి, అంచు మీద దిగినప్పుడు రిమ్ము తగిలిన చప్పుడొస్తే కొంచెం పెంచు. ఎక్కువ గాలి కొడితే బంతిలా ఎగిరి పడేస్తుంది.

ట్రయల్స్ రిమ్ములకు బరువు తగ్గడానికి మధ్యలో పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి. మా దగ్గర సర్కారు తుమ్మ ముళ్ళు టైరులోంచి సరే, ఆ రంధ్రం దగ్గర పల్చటి టేపులోంచి కూడా దిగుతాయి. మందమైన రిమ్ టేపు వెయ్యి, ట్యూబులో సీలెంట్ పోయి.

ముందు డిస్కు బ్రేకుకు కూడా ఒక మాట. నూనె చేతులతో డిస్కు ముట్టుకోకు. తుడవడానికి మొబైల్ రిపేరు వాళ్ళు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. ప్యాడ్లు నూనె పీల్చుకుంటే అవి మారుస్తేనే మేలు.

గుట్టబండ (హైదరాబాద్)

ఫ్రీవీల్ కడిగాను, జారడం తగ్గింది కానీ పోలేదు. కొత్తది 108 క్లిక్కులది ఆర్డర్ పెడుతున్నా, దానితో పాటే అల్యూమినియం వీపు ప్యాడ్లు. టైరు వచ్చే నెల.

ఇంకొకటి. కడిగేటప్పుడు డౌన్ ట్యూబు (పెడళ్ళ వైపు దిగే గొట్టం), హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద ఫోర్కు పట్టే గొట్టం) కలిసే వెల్డింగు దగ్గర సన్నటి గీత కనబడింది. పెయింటు చీలికా, పగులా తెలియడం లేదు. పగులైతే ఇక్కడ అల్యూమినియం వెల్డింగు చేసేవాళ్ళున్నారు, పెట్టించేయనా?

పానాపట్టు (సికింద్రాబాద్)

ఆర్డర్ ఆపు. ముందు ఇది చూడు.

అక్కడ పెయింటు గీకేసి, కిరోసిన్ రాసి పావుగంట ఉంచు. పొడిగా తుడిచి, మీద సుద్దపొడి చల్లు. పగులుంటే అందులో దాక్కున్న కిరోసిన్ సుద్దలోకి పాకి గీతలా తడి కనబడుతుంది. వెల్డింగు షాపుల్లో పాత పద్ధతే. తడి గీత రాకపోయినా మార్కర్‌తో రెండు కొసలూ గుర్తుపెట్టి, తొక్కే ప్రతిసారీ చూడు. కొస దాటితే పగులే.

పగులైతే వెల్డింగు మాత్రం వద్దు. ఫ్రేములకు వాడే 6061 లాంటి అల్యూమినియాన్ని వెల్డింగు తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చేస్తారు, బలం అక్కడి నుంచి వస్తుంది. షాపులో టాకా వేస్తే గీత మూసుకుంటుంది, దాని పక్కన మెటల్ మెత్తబడిపోతుంది. అదీ హెడ్ ట్యూబు దగ్గర! విరిగితే చక్రం, ఫోర్కు ఒక వైపు, నువ్వొక వైపు. అప్పుడు వేరే ఫ్రేము వెతుక్కోవడమే. వెనక హబ్బు వెడల్పు 116 మిల్లీమీటర్లది చూసుకో, 26 అంగుళాల ఫ్రేములు 135వి, నీ చక్రం పట్టదు.

సుద్ద ఫొటో పెట్టు.