ఇన్వర్టర్ మీద ల్యాప్‌టాప్: ఏ గవర్నర్ పెట్టాలి?

పలాస స్టూడియో:
నమస్తే అండీ. పలాసలో మాది ఫోటో స్టూడియో. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, లోపల ఇంటెల్ చిప్. కరెంటు పోతే పెళ్లి ఆల్బమ్‌ల పని ఇన్వర్టర్ మీదే. ఉక్క సంగతి మీకు తెలిసిందే, మధ్యాహ్నానికి ఫ్యాన్ గోల మొదలు. ప్రాసెసర్ స్పీడు తగ్గిద్దామని చూస్తే గవర్నర్లు (స్పీడు ఎంతుండాలో తేల్చే పద్ధతులు) రెండే ఉన్నాయి: పెర్ఫార్మెన్స్, పవర్‌సేవ్. పనిని బట్టి స్పీడు మార్చే ఆన్‌డిమాండ్, షెడ్‌యుటిల్ ఏవీ లేవు. పవర్‌సేవ్ పెడితే అడుగు స్పీడులోనే ఉండిపోతుందంటున్నారు. అలాగైతే ఫోటోలు దిద్దే జింప్ తెరుచుకునేసరికి కస్టమర్ వెళ్లిపోతాడు.

ఆమదాలవలస కుర్రాడు:
వద్దండి. మా ల్యాబ్‌లో ఓ పాత డెస్క్‌టాప్ పవర్‌సేవ్ మీద ఉండేది, బ్రౌజర్ తెరవడానికే ఆపసోపాలు. షెడ్‌యుటిల్ పెట్టాక బాగుపడింది.

బొబ్బిలి కెర్నల్:
తమ్ముడూ, అది నీ డెస్క్‌టాప్‌కి నిజం, ఆయన ల్యాప్‌టాప్‌కి కాకపోవచ్చు. గవర్నర్ కంటే ముందు డ్రైవర్ (ప్రాసెసర్ స్పీడును నిజంగా మార్చే ప్రోగ్రాం) చూడాలి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (సిస్టమ్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోటు) స్కేలింగ్ గవర్నర్ ఫైలు పక్కనే స్కేలింగ్ డ్రైవర్ అని ఇంకో ఫైలుంటుంది. అందులో ఏసీపీఐ సీపీయూఫ్రెక్ అని ఉంటే, పవర్‌సేవ్ కనీస ఫ్రీక్వెన్సీ దగ్గరే కట్టిపడేస్తుంది. ఇంటెల్ పీస్టేట్ అని ఉంటే కథ వేరు. 2013లో లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రాం) 3.9తో వచ్చిన డ్రైవర్ ఇది. దీని పవర్‌సేవ్ పని పెరిగితే స్పీడు పెంచుతుంది, తగ్గితే దించుతుంది. స్కైలేక్ అనే ఇంటెల్ తరం నుంచి వచ్చిన చిప్‌లలో ఆ నిర్ణయం చాలావరకు చిప్పే తీసుకుంటుంది. కెర్నల్ ఇచ్చేది ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ప్రిఫరెన్స్ అనే సూచన మాత్రమే. అందులో బ్యాలెన్స్ పవర్ (ఆదా వైపు మొగ్గేది) పెట్టి చూడండి. పెర్ఫార్మెన్స్ గవర్నర్‌లో ఉండగా రాస్తే బిజీ అని ఎర్రర్ వస్తుంది, కంగారు పడకండి, దాని పద్ధతే అంత.

షెడ్‌యుటిల్ కావాలంటే పీస్టేట్‌ని పాసివ్ మోడ్‌లోకి (స్పీడు నిర్ణయం మామూలు గవర్నర్లకే వదిలేసే పద్ధతి) మార్చాలి. మీకు ఆ అవసరం ఉందనుకోను.

చీపురుపల్లి రిపేర్లు:
వేడికి అసలు మందు టర్బో (చిప్ మామూలు స్పీడును మించి పరిగెత్తడం) ఆపడం. నో టర్బో ఫైల్లో 1 రాయండి. స్పీడు పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, పవర్ ఏమో వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. అందుకే ఆ చివరి కాస్త స్పీడుకే ఖర్చు ఎక్కువ. అంతకంటే ముందు మూత విప్పి ఫ్యాన్‌లో దుమ్ము చూడండి బాబూ. షాపు జీడి బట్టీల పక్కనైతే మరీను.

ఆమదాలవలస కుర్రాడు:
టర్బో ఆపితే పని ఎక్కువసేపు సాగుతుంది కదా అన్నా? చిప్ పని త్వరగా ముగించి నిద్రపోతేనే ఆదా అంటారే?

బొబ్బిలి కెర్నల్:
ఫోటో తెరవడం లాంటి చిన్న పనులకు ఆ మాట సరే. గంటల తరబడి ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే నిద్రకు సందెక్కడ? అలాంటప్పుడు టర్బో లేకపోతేనే మేలు.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇన్వర్టర్ మీదున్నా చార్జర్‌లోకి కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి, బయట కరెంటు పోయిందని కెర్నల్‌కి తెలీదు. బ్యాటరీ ప్రొఫైల్ దానంతటది రాదు, మీరే మార్చుకోవాలి. కరెంటు ఆదా సెట్టింగులు చూసే ప్రోగ్రాంలు టీఎల్‌పీ, పవర్ ప్రొఫైల్స్ డీమన్ రెండూ ఉంటే ఒకటి తీసేయండి. ఇది రాసింది అది చెరిపేస్తుంది.

పలాస స్టూడియో:
చూశానండి, ఇంటెల్ పీస్టేటే. పవర్‌సేవ్‌లోనే ఉంచి బ్యాలెన్స్ పవర్ పెట్టాను. కరెంటు పోయినప్పుడు టర్బో ఆపడానికి చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. ఎక్స్‌పోర్ట్ కాస్త నెమ్మదించింది గానీ ఫ్యాన్ గోల తగ్గింది. రీబూట్ చేస్తే మాత్రం అన్నీ మొదటికొచ్చేశాయి. ఇప్పుడేటి చేయాలి?

చీపురుపల్లి రిపేర్లు:
ఆ ఫైళ్లు మెమరీలోవి, ఆపితే పోతాయి. బ్యాలెన్స్ పవర్ రాసే లైనుతో సిస్టమ్‌డీలో (బూట్‌లో ప్రోగ్రాంలను మొదలుపెట్టేది) ఓ సర్వీస్ పెట్టండి, బూట్ అయినప్పుడల్లా అదే రాస్తుంది. టర్బో లైను అందులో కలపకండి, దానికి మీ స్క్రిప్టు చాలు.