ఇంటింటి సర్వేకు ఏజెన్సీని తీసుకోవాలి: టెండర్‌లో ఏం రాయాలి, ఎక్కడ దెబ్బ తింటాం?

తుంగభద్ర_ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. జాతీయ సంక్షేమ రిజిస్ట్రీ కోసం కుటుంబాల వివరాలు సేకరించే పని మా సంస్థకు వచ్చింది. కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో ఎంచిన ఊళ్లు కలిపి సుమారు 24,000 కుటుంబాలు. మేమే మనుషుల్ని పెట్టుకుని చేసేంత బలగం లేదు, సర్వే ఏజెన్సీని తీసుకోవాలి. నిధులు కేంద్రానివి కాబట్టి జీఎఫ్‌ఆర్ (కేంద్రం సాధారణ ఆర్థిక నియమాలు) ప్రకారమే పోవాలి. ప్రశ్నావళి పైనుంచి వస్తుంది, స్థానికంగా కొన్ని ప్రశ్నలు చేర్చుకోవచ్చు అన్నారు.

తెలిసినవాళ్లు చెప్పండి. ఎల్1కే, అంటే అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికే, ఇచ్చి తీరాలా? ఇంటికి ఎంత రేటు కోట్ చేస్తే నమ్మొచ్చు? బిల్లు ఏ దశలో ఎంత ఇవ్వాలి? జనవరిలో మొదలుపెట్టి మార్చికల్లా ముగించమని పైనుంచి ఒత్తిడి ఉంది, అది కుదిరే పనేనా?

పత్తికొండ_టమాటా

ముందు ఈ పనిని దేని కింద చూపిస్తున్నారో తేల్చుకోండి, మిగతాదంతా దాని వెనకే వస్తుంది. కన్సల్టెన్సీ కింద పెడితే క్యూసీబీఎస్‌లో (నాణ్యతకు, ధరకు విడిగా మార్కులేసి కలిపి ఎంచే పద్ధతి) టెక్నికల్‌కు 80, ధరకు 20 దాకా పోవచ్చు. నాన్-కన్సల్టెన్సీ సేవ కింద పెడితే, 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం ధరేతర అంశాలకు 30 శాతం మించకూడదు. అప్పుడు పేరుకే క్యూసీబీఎస్, గెలిచేది తక్కువ కోట్ చేసినవాడే. ఆ దారిలో పోక తప్పకపోతే టెక్నికల్‌లో కనీస మార్కులు గట్టిగా పెట్టి, అవి రానివాళ్ల ధర కవరే తెరవకండి. బిడ్ సెక్యూరిటీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) 2 నుంచి 5 శాతం మధ్య ఎంతో ముందే రాయండి. రేటు జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది కూడా. ఈ ఒక్క మాట రాయకపోతే ధరలు పోల్చే రోజు తగువు ఖాయం.

రేటు సంగతి. మీరే కాగితం మీద కనీస ఖర్చు కట్టుకోండి. నేను వేసేవి ఊహ అంకెలే, మీ దగ్గరి కూలి, చార్జీలు పెట్టి మార్చుకోండి. గంటకు కాస్త తక్కువ పట్టే ప్రశ్నావళితో ఒక ఎన్యూమరేటర్ (ఇంటింటికీ పోయి వివరాలు రాసేవాడు) రోజుకు 10 ఇళ్లు చేస్తాడు. వేతనం, ప్రయాణం కలిపి రోజుకు రూ.900 అనుకుంటే ఇంటికి 90. ఆరుగురికి ఒక సూపర్‌వైజర్, రోజుకు 1,300, అంటే ఇంటికి 22. సర్వేకు ముందు ఇళ్ల జాబితా రాయడం రోజుకు 60 ఇళ్లు, అది 15. డెబ్బై మందికి 6 రోజుల శిక్షణ 16. ట్యాబ్‌ల అద్దె 8. తాళం ఇళ్లకు మళ్లీ మళ్లీ పోవడానికి 15. బండ్లు, ఆఫీసు, డేటా మనిషి, ఏజెన్సీ లాభం కలిపి 40. మొత్తం 206. ఇప్పుడు ఎవరైనా 110కి వేశారంటే పై లెక్కలో ఏ ముక్క ఎగ్గొట్టబోతున్నాడో బిడ్ మీటింగ్‌లోనే అడగండి. సమాధానం ఉండదు. ఆ పనిని సగం ధరకు ఇంకొకడికి అప్పజెప్పే ఆలోచనే ఉంటుంది.

అందుకే సబ్-కాంట్రాక్ట్ నిషేధం ఒక్కటే రాస్తే సరిపోదు. ఎన్యూమరేటర్ల జీతం నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలో పడాలి, ప్రతి బిల్లుతో ఆ చెల్లింపు జాబితా జతచేయాలి అని పెట్టండి. ఇంకో పాత నాటకం: ప్రెజెంటేషన్‌లో ఘనమైన సీవీలు చూపించి, పని దక్కాక వేరేవాణ్ని దించడం. ఫీల్డ్ మేనేజర్‌ను ఇంటర్వ్యూకు రప్పించండి. మార్చాలంటే మీ రాతపూర్వక అనుమతి కావాలని, అనుమతి లేకుండా మారిస్తే కోత ఇంత అని రాయండి.

బిల్లు దశలు నా లెక్కలో ఇలా: శిక్షణ అయి పరీక్ష పాసైన జాబితా ఇచ్చాక 10 శాతం, ఇళ్ల జాబితా మీరు సరిచూశాక 20, ఊరివారీగా బ్యాక్‌చెక్ (కొన్ని ఇళ్లకు మళ్లీ పోయి సరిచూడటం) దాటిన ఫారాలకు 40, శుభ్రం చేసిన తుది డేటాకు 20, అభ్యంతరాలు తీరాక 10. ఎంత ఒత్తిడి వచ్చినా, ‘నింపిన ఫారానికి ఇంత’ అని మాత్రం ఒప్పుకోకండి. ‘ఆమోదించిన ఫారానికి ఇంత’ అని ఉండాలి. మూడుసార్లు పోయినా తాళమే అని సమయం, జీపీఎస్‌తో రుజువు చూపిస్తే ఆ ఇంటికి రేటులో 40 శాతం ఇవ్వండి. ఇవ్వకపోతే తాళం వేసిన ఇంట్లో కూడా మనుషులు పుడతారు.

వేరుశనగ_చేను

టమాటా అన్న ఒప్పందం సంగతి చెప్పాడు, నేను తేదీల సంగతి చెప్తా. జనవరి నుంచి మార్చి వరకు ఆ మూడు మండలాల్లో సర్వే అంటే ముసలోళ్లనీ, మేకలనీ లెక్కపెట్టడమే. దీపావళి దాటినప్పటి నుంచి సుగ్గికి, అంటే కూలికి వలస, పోయేవాళ్లు పోతూనే ఉంటారు. జనవరి వచ్చేసరికి గుంటూరు మిరపకోతల్లో ఉంటారు, బడిపిల్లల్ని కూడా తోలుకుపోతారు. ఉగాదికి కొందరు, తొలకరికి మిగతావాళ్లు తిరిగొస్తారు. మన రిజిస్ట్రీకి మొట్టమొదట కావాల్సిందే ఆ కుటుంబాలు, తాళం ఉందని తీసేసేదీ వాళ్లనే.

విత్తనం పడ్డాక, జులై ఆగస్టు మంచి కాలం. పగలు చేలల్లో ఉంటారు కాబట్టి పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 8 అని వేళలు టెండర్‌లోనే రాయండి. పది నుంచి ఐదు ఆఫీసు టైము పెట్టుకునే ఏజెన్సీ అక్కడ పనికిరాదు. పీర్ల పండగ రోజుల్లో, మంత్రాలయం ఆరాధన రోజుల్లో పనిదినాలు లెక్కేయొద్దు.

తేదీలు జరపడానికి పైవాళ్లు ససేమిరా అంటే కనీసం ‘ఇల్లు తాళం’ అనే ఒక్క కోడ్‌ను మూడు చేయండి: పొద్దున్నే పనికి పోయారు, సుగ్గికి పోయారు తిరిగొస్తారు, ఊరు వదిలేశారు. రెండో కోడ్ పడిన ఇంటికి పక్కింటోళ్ల దగ్గర ఫోన్ నెంబర్ తీసుకుని కుటుంబసభ్యుల పేర్లు, వయసులు ఫోన్లో రాయొచ్చు. ఆదాయం, అప్పు లాంటివి పక్కింటోళ్లను అడిగి రాయొద్దు, మనిషి తిరిగొచ్చాక అడగాలి. ఎన్‌పీఆర్‌లో (జాతీయ జనాభా రిజిస్టర్) సాధారణ నివాసి అంటే 6 నెలల లెక్క. సుగ్గి చాలామందికి మూడు నాలుగు నెలలే కాబట్టి వాళ్లు ఊరివాళ్లే, పేరు తీసేసే హక్కు ఎన్యూమరేటర్‌కు లేదు. శిక్షణలో ఇది నోటికి రావాలి. ఇదే పని రాయచోటి, రాజంపేట వైపు చేస్తే కథ వేరు, అక్కడ మనిషి కువైట్‌లో రెండేళ్లుంటాడు. నివాసి కాడు, డబ్బు మాత్రం నెలనెలా వస్తుంది. ఆ రెంటినీ ఒకే గడిలో వేయకండి.

మీరు చేర్చుకోగలిగే ప్రశ్నల్లో బోరు ప్రశ్న ఒకటి మార్చండి. ‘బోరు ఉందా’ అంటే ఉంది అంటారు. అనంతపురం వైపు పది బోర్లు వేసి పదీ ఎండిన ఇంట్లో కూడా ఉంది అనే అంటారు, ఎందుకంటే గుంత ఉంది, అప్పూ ఉంది. 2011 నాటి సామాజిక ఆర్థిక, కుల గణనలో నీటిపారుదల సాధనంతో పాటు రెండున్నర ఎకరాల నీటి భూమి ఉన్న కుటుంబం తానంతట అదే జాబితా బయటికి పోయేది. అలాంటి లెక్కలో ఎండిన బోరును నీళ్లున్నదిగా రాస్తే కుటుంబమే మాయమవుతుంది. ‘పోయిన రబీలో ఏ బోరు కింద ఎన్ని ఎకరాలు పండించారు’ అని అడగండి, ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. వానపైర్ల భూమి, నీటి భూమి రెండు వేరే గడులు.

‘కుటుంబం’ అంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు అని జనగణన నిర్వచనం. బియ్యం కార్డులో ఉన్న పేర్లు అది కావు. పెళ్లయి వేరుకాపురం పెట్టిన కొడుకు ఇంకా అమ్మానాన్నల కార్డులోనే ఉంటాడు. ఏజెన్సీవాళ్లు సచివాలయంలో మ్యాపింగ్ జాబితా తీసుకుని దాన్నే ముందే నింపేసి వస్తారు. ఆ జాబితాను సర్వే అయ్యాక పోల్చుకోవడానికి వాడండి, ముందు ఇవ్వకండి.

తుంగభద్ర_ఒడ్డు

ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. తేదీల మాట పైకి రాస్తా. ఒక సందేహం: బ్యాక్‌చెక్ కూడా అదే ఏజెన్సీకి అప్పగిస్తే ఖర్చు తగ్గుతుందని మా ఫైనాన్స్ వాళ్లు అంటున్నారు.

గణాంకం_గంగరాజు

తగ్గుతుంది, పనికొచ్చే సమాచారం కూడా తగ్గుతుంది. తప్పు చేసినవాడికే తప్పు పట్టే పని ఇవ్వకూడదు. పది శాతం, అంటే 2,400 ఇళ్లు, రోజుకు 20 చొప్పున 120 మనిషిరోజులు. ఆరుగురు విడి మనుషులు 20 రోజుల్లో చేస్తారు, అది మీ సొంత జీతం మీద పెట్టుకోండి. సర్వే అయిన మూడు రోజుల్లోపే పోవాలి. లేకపోతే కుటుంబం మరిచిపోయిందా, ఎన్యూమరేటర్ అబద్ధం రాశాడా తేలదు. అడిగేది ఎనిమిది ప్రశ్నలు చాలు: ఎవరైనా వచ్చారా, ఎంతసేపు కూర్చున్నారు, ఎంతమంది ఉంటారు, పైకప్పు ఏమిటి, ఇట్లాంటి మారని విషయాలు. వీటిలో పది జవాబులకు ఒకటికి మించి తేడా వస్తే ఆ మనిషి చేసిన ఆ ఊరి ఫారాలన్నీ ఏజెన్సీ ఖర్చుతో మళ్లీ చేయాలని ఒప్పందంలో రాయాలి.

టమాటా గారి మాటలో ఒక చోట నాకు తేడా ఉంది. రోజుకు 10 ఇళ్లు మూడో వారం తర్వాతి మాట. మొదటి వారం 5 కంటే రావు. అలవాటయ్యేలోపు తొందరపెడితే తప్పులు అప్పుడే అలవాటవుతాయి. 60 మందితో 40 పనిదినాలు అని లెక్క వస్తుంది, మీరు 50 రాయండి.

ఇక రోజూ రాత్రి సర్వర్‌లో చూడాల్సినవి. ఓడీకే, కోబో, సర్వేసీటీఓ అనే సర్వే యాప్‌లలో ఏది వాడినా నెట్ లేకుండా పనిచేస్తుంది, ప్రశ్నకు ఎంతసేపు పట్టిందో లాగ్ ఉంటుంది. ఆ లాగ్‌ను ఆన్ చేయమని టెండర్‌లోనే పెట్టండి, లేకపోతే ఆఫ్ చేసి పెడతారు. ముప్పావుగంట పట్టాల్సిన ఫారం 6 నిమిషాల్లో ముగిసిందా? వరసగా పదిహేను ఫారాలకు జీపీఎస్ ఒకే చోటుందా? అది వేపచెట్టు కింద నింపినదే. వయసులన్నీ 30, 35, 40 అని సున్నా, అయిదులతో ముగుస్తున్నాయా?

అన్నింటికంటే మోసపుచ్చేది కుటుంబసభ్యుల సంఖ్య. ఒక్కో మనిషికి పదిహేను ప్రశ్నలు ఉంటాయి కదా, మొదటి వారంలో సగటున 4.3 మంది రాసినవాడు నాలుగో వారంలో 3.4 రాస్తాడు. పేరు రాస్తే పని పెరుగుతుందని వాడికి అర్థమైపోయింది. అలాగే ‘ఇంట్లో వైకల్యం ఉన్నవాళ్లున్నారా’ అన్నదానికి ‘లేరు’ అంటే వెనకున్న పన్నెండు ప్రశ్నలు మాయం. ఎన్యూమరేటర్ వారీగా, వారం వారీగా ఈ రెండు సగటులు గీతలా గీసి చూడండి. ఎగ్గొట్టడం ఎవరి దగ్గర మొదలైందో కళ్లకు కడుతుంది. చాలామంది చూసేది ఫారాల సంఖ్య, చూడాల్సింది ఇది.

ట్యాబ్‌లు పది శాతం అదనంగా, ప్రతి ఇద్దరికీ ఒక పెద్ద పవర్ బ్యాంక్. మే నెలలో వేడికి ట్యాబ్ దానంతట అదే ఆగిపోతుంది, గుడ్డ సంచి చాలదు.

కోర్టు_సెంటర్_కర్నూలు

డేటా సంగతి ఎవరూ ముట్టలేదు కాబట్టి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో సెక్షన్ 8 చదవండి. ఏజెన్సీ మీ తరఫున డేటా సేకరించినా బాధ్యత మీదే, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే. భద్రత లోపిస్తే జరిమానా గరిష్ఠంగా రూ.250 కోట్లు. కాబట్టి ట్యాబ్‌లో నింపిన ఫారం పంపే ముందే ఎన్‌క్రిప్ట్ (ఇతరులు చదవలేని రూపంలోకి) కావాలి, దాన్ని తెరిచే కీ మీ దగ్గరే ఉండాలి. పని ముగిశాక ఏజెన్సీ డేటా తుడిచేసినట్టు రాతపూర్వక ధ్రువీకరణ ఇచ్చాకే చివరి పది శాతం.

ఆధార్ కార్డు ఫోటో తీసుకోవద్దని నల్లక్షరాలతో రాయండి. ఎన్యూమరేటర్ సొంత ఫోన్‌లోని గ్యాలరీలో కార్డులు పోగుపడతాయి, అవి ఎక్కడికైనా పోతాయి. రిజిస్ట్రీకి పూర్తి నెంబర్ తప్పదంటే, దాన్ని ఆధార్ డేటా వాల్ట్‌లో (ఆధార్ నెంబర్లను విడిగా భద్రంగా దాచే చోటు) పెట్టాలని ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ 2017లోనే ఆదేశించింది. ఆ ఏర్పాటు ఉన్న వ్యవస్థలోకే నేరుగా పోవాలి, ఏజెన్సీ ఎక్సెల్‌లోకి కాదు. నెంబర్ తప్పు కొడితే పట్టుకోవడం సులువే: పన్నెండో అంకె మిగతా పదకొండింటి నుంచి లెక్కకట్టే చెక్ అంకె, ఫారంలోనే ఆ పరీక్ష పెట్టొచ్చు.

సమాచారం ఎందుకు తీసుకుంటున్నామో చెప్పే కాగితం తెలుగు, కన్నడం, ఉర్దూ మూడింటిలో ఉండాలి. కౌతాళం ఒడ్డున తెలుగు ఒక్కటే అంటే సగం ఇళ్లలో సంతకం దేనికో తెలియకుండానే పెడతారు. గ్రామసభలో జాబితా అతికించేటప్పుడు ఫోన్, జబ్బు, వైకల్యం, అప్పు వివరాలు ఉండకూడదు.

పత్తికొండ_టమాటా

గంగరాజు గారూ, మొదటి వారం 5 ఇళ్లు, ఒప్పుకుంటా. నా లెక్క 206 కాకుండా 215 దగ్గర తేలుతుంది.

తుంగభద్ర గారూ, ఇంకొకటి మరిచా. అభ్యంతరాల గడువు ముగిసేదాకా కనీసం 10 మంది ఎన్యూమరేటర్లు, ఒక సూపర్‌వైజర్ మండలంలోనే ఉండాలని ఒప్పందంలో పెట్టండి. డేటా అప్పజెప్పిన మర్నాడే ఏజెన్సీ జీపులు హైదరాబాద్ దారి పడతాయి. పేరు పోయిందని వచ్చే మనిషి సచివాలయం మెట్ల మీద కూర్చుంటాడు, మాట్లాడేవాడు ఉండడు. పాత జాబితాలోని ఏ పేరు ఎందుకు పోయిందో ఒక్కో వరసకు ఒక కారణం కోడ్ ఇచ్చి ఇమ్మనండి, ఆ ఫైలు అందాకే తుది డేటా 20 శాతం విడుదల చేయండి.

తుంగభద్ర_ఒడ్డు

కారణం కోడ్‌లో ‘సుగ్గి’ అని ఒకటి విడిగా పెట్టిస్తా. టెండర్ డ్రాఫ్ట్ తయారయ్యాక ఇక్కడే పెడతా, చీల్చి చెండాడండి.