ఇంటిలోపలి కుండీలకు మట్టి మిశ్రమం, పోషకాల గురించి సలహా కావాలి

శ్రీకాకుళంలో మేము ఉంటున్న అపార్ట్‌మెంటుకు బాల్కనీ లేనందున, తూర్పు కిటికీ పక్కన ఎనిమిది అంగుళాల కుండీల్లో పుదీన, కొత్తిమీర పెంచాలనుకుంటున్నాను. ఎర్రమట్టి ఒక్కటే నింపితే కొన్ని తడులకే బిగుసుకుపోయి నీరు పైనే నిలుస్తుంది కాబట్టి, ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి, కొద్దిగా నాగావళి ఇసుక చేర్చాలన్నది నా ఆలోచన. (సముద్రపు ఇసుక ఉప్పదనం వల్ల పనికిరాదు.)

ఉద్దానం కొబ్బరికి పేరున్న ప్రాంతం కనుక పొట్టు తెప్పించుకోవడం కష్టం కాదు. అయితే శుద్ధి చేయని పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువగా ఉండి, అది మొక్కకు అందవలసిన కాల్షియాన్ని పట్టి ఉంచుతుందని చదివాను. మంచినీటితో రెండు మూడుసార్లు కడిగితే సరిపోతుందా, లేక కాల్షియం నైట్రేటు ద్రావణంలో నానబెట్టడం తప్పనిసరా? నా ప్రధాన సందేహం ఇదే. మట్టిని గుల్లగా ఉంచేందుకు కలిపే పెర్లైట్ (తేలికైన తెల్లని గుళికలు) ఖరీదు ఎక్కువ కాబట్టి, దానికి బదులు రైస్‌మిల్లులో దొరికే నల్లగా కాలిన ఊకను వాడవచ్చా, దాని క్షారగుణం ఇబ్బంది పెడుతుందా అన్నది కూడా తెలియజేయగలరు.

వేపపిండి వాసన గదిలో భరించలేము గనుక, నీటిలో కరిగే 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరుకు ఒక గ్రాము చొప్పున ఇవ్వాలనుకుంటున్నాను. వెలుతురు తక్కువగా ఉండే చోట మొక్క నెమ్మదిగా పెరుగుతుంది కదా, ఎన్ని రోజులకొకసారి ఇవ్వడం మంచిదో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.