నిర్గమ 18:18: చేయచాలవా, చేయజాలవా?

పాకాల గట్టు:
బైబిల్ నిర్గమకాండంలో, పొద్దంతా ప్రజల తగవులు ఒక్కడే తీరుస్తున్న మోషేతో మామ యిత్రో అన్న మాట. "ఈ పని నీకు మిక్కిలి భారము, అది నీవు ఒక్కడవే చేయ..." ఇక్కడే ఆగిపోతున్నాను. చాలవా, జాలవా? అచ్చులో "చాలవు" అనే ఉంది. మా నాన్న మాత్రం "చేయజాలవు" అని చదివినట్టు గుర్తు. నర్సంపేట వైపు నాలుగు ఊళ్ల సంఘాలను ఆయన ఒక్కడే చూసుకునేవాడు. ఓ రాత్రి ప్రార్థనకు పోతూ మోపెడ్ మీంచి పడి మూడు నెలలు మంచం పట్టాడు. అప్పుడే పెద్దలు ఊరికొకరు పని పంచుకున్నారు. ఆ మూడు నెలలూ ఆయన నోట ఈ వాక్యమే. నిన్న ఆయన బైబిల్ తీస్తే "చ" మీద పెన్సిల్‌తో చిన్న "జ" కనిపించింది. దిద్దాడా, సందేహపడ్డాడా?

ఓరుగల్లు మాస్టారు:
దిద్దారమ్మా, సరిగ్గా దిద్దారు. "చేయ" అసలు రూపం "చేయన్", ద్రుతాంతం, అంటే చివర "న్" ఉన్న మాట. అలాంటి ద్రుతప్రకృతికం తర్వాత వచ్చే పరుషాలు (క, చ, ట, త, ప) సరళాలు (గ, జ, డ, ద, బ) అవుతాయని వ్యాకరణం రాసిన చిన్నయసూరి చెప్పిందే. పద్ధతిగా రాస్తే "చేయఁజాలవు", అరసున్నతో సహా.

కాజీపేట జంక్షన్:
సార్, నా బైబిల్లో "చేయ" వేరు, "చాలవు" వేరు. అట్లా విడిగా ఉండడంలోనే సంగతుంది అనిపిస్తది. పైసలు చాలవు, కూర చాలదు అంటాం కదా. అదే చాలడం ఇది. మోషేకు చేతగాక కాదు, ఒక్కడు సరిపోడు. "జ" పెట్టగానే అది చేతకానితనం అయిపోతది. యోహాను 15:5లో "మీరు ఏమియు చేయలేరు" అన్నారు. ఇక్కడా "చేయలేవు" అనొచ్చు కదా, ఎందుకనలేదు?

ఓరుగల్లు మాస్టారు:
చాలడం అంటే సరిపోవడం, సమర్థత రెండూ. సరళం వచ్చినంత మాత్రాన అర్థం మారదు బాబూ. మన బమ్మెర పోతన గజేంద్రుడి చేత ఏమనిపించాడు? "నీవే తప్ప నితఃపరం బెరుఁగ మన్నింపందగున్ దీనునిన్". మన్నింపన్, తగున్ కలిసి "మన్నింపందగున్" అయింది. "త" పోయి "ద" వస్తే తగడం మానేసిందా? నలభై ఏళ్లు ఈ పద్యం చెప్పాను. ఆ "దగున్" దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

హన్మకొండ చెల్లె:
మాస్టారూ, ఆ పద్యం మొదలే "లావొక్కింతయు లేదు". లావు అంటే బలం అని మా పిల్లలకు చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మోషేదీ అదే మొర. సంఖ్యాకాండం 11లో ఈ జనాన్ని నేనొక్కణ్నే మోయలేనని దేవుని దగ్గర ఏడ్చాడు. దేవుడు అతనికి ఇంకింత లావు ఇవ్వలేదు. 70 మంది పెద్దలను పోగుచేయమన్నాడు, అతని మీది ఆత్మలో పాలు వాళ్లకు పంచాడు. గజేంద్రుని కోసం తానే పరుగెత్తుకొచ్చినట్టు పోతన రాశాడు, ఇక్కడేమో మనుషుల్ని నిలబెట్టాడు. దేవుణ్ని నమ్ముకోవడమంటే పక్కవాళ్ల చేతికి పని ఇవ్వడం కూడానని నాకు అక్కడే అర్థమైంది.

డోర్నకల్ అన్న:
మీరు చాలవు దగ్గరే కూర్చున్నారు. నాకు నచ్చనిది అదే వాక్యం మొదట్లో ఉన్న "నలిగిపోవుదురు". హీబ్రూలో అక్కడున్న క్రియ, మొదటి కీర్తనలో "ఆకు వాడక" అన్న చోట ఉన్నదీ ఒకటే. అంటే "వాడిపోవుదురు" అనాలి. నలగడం మీద పడ్డ బరువుతో, వాడడం లోపల నీరు తగ్గి. 1912లో మా డోర్నకల్‌కు బిషప్‌గా వచ్చిన అజరయ్య, బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ల చేతా "సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ" అని పలికించేవాడు. పని అందరిదైతే ఎవరి వేరుకు వాళ్ల నీళ్లు అందుతాయి.
కాజీపేట తమ్మీ, హీబ్రూలో "లో తూఖల్" అంటే చేయలేవు అనే. నీ "సరిపోడు" అక్కడ లేదు.

కాజీపేట జంక్షన్:
హీబ్రూలో లేకపోవచ్చన్నా. తెలుగు చేసినాయన చెవిలో ఉండొచ్చు కదా.

పాకాల గట్టు:
డోర్నకల్ అన్నా, నలగడమే కరెక్ట్ అనిపిస్తుంది. "నీవును నీతో నున్న యీ ప్రజలును" అంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరుసలో నిలబడ్డోళ్లూ నలిగారు. మా నాన్న పదకొండింటికి వచ్చేసరికి పిల్లలు అరుగు మీద, తల్లుల ఒళ్లో నిద్రపోయేవాళ్లు. వాళ్లను లేపి ప్రార్థన చేసేవాడు.
మాస్టారూ, భూతద్దం పెట్టి మళ్లీ చూశాను. "జ" ముందు చిన్న వంపు గీత ఉంది. అరసున్న కావచ్చు. ప్రశ్నార్థకం పైసగం కూడా కావచ్చు, కింది చుక్క ఉండాల్సిన చోట కాగితం అరిగిపోయింది.

ఓరుగల్లు మాస్టారు:
అరసున్నే. అంత తెలిసినవారు ఊరికే గీత గీయరు.

కాజీపేట జంక్షన్:
ప్రశ్నే అయుంటది. అక్కా, పొద్దుటి ఎండలో ఫొటో తీసి పెట్టు.